మా ఇంటి వెనక 62 ఎకరాల పొలం వేర్‌హౌస్ అవుతుందంటున్నారు. గ్రీన్ ఏకర్స్ గ్రాంట్‌తో టౌన్‌షిప్ కొనేలా చేయొచ్చా?

వేపచెట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేం సెంట్రల్ న్యూజెర్సీలో, టర్న్‌పైక్ హైవే ఎగ్జిట్ 8ఏకి దగ్గర్లో ఉంటాం. ఆ చుట్టుపక్కల తిరిగినవాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు, ఎటు చూసినా కిటికీలు లేని తెల్లగోడల వేర్‌హౌస్‌లే. మేం పన్నెండేళ్ల కిందట ఇల్లు కొన్నప్పుడు వెనక కంచె అవతల 62 ఎకరాల పొలం ఉండేది. ఇప్పటికీ ఉంది. ఒక ఏడు మొక్కజొన్న వేస్తారు, మరో ఏడు సోయా. రోడ్డు వైపు చిన్న ముక్కలో స్వీట్ కార్న్, గుమ్మడి. ఆ రైతుకి ఎనభై దాటాయి. ఆగస్టులో రోడ్డు పక్క బల్ల మీద కండెలు పేర్చి, పక్కన డబ్బుల డబ్బా పెట్టి వెళ్లిపోతాడు. కావలసినన్ని తీసుకుని మనమే డబ్బు వేసి రావాలి.

మా మావయ్యగారిది నరసరావుపేట దగ్గర పల్లె. ఇక్కడికి వచ్చిన ప్రతి వేసవిలోనూ పొద్దున్నే ఆ గట్టు వెంబడి నడిచి వస్తారు. ఆ రైతుకి తెలుగు రాదు, ఈయనకి ఇంగ్లిష్ రాదు. అయినా ఇద్దరూ అరగంట నిలబడి మాట్లాడుకుంటారు. మట్టి చేతిలోకి తీసుకుని నలిపి ఒకరికొకరు చూపించుకుంటారు. కండె తొక్క వలిచి గింజ నొక్కి చూస్తారు. ఈ దేశంలో మావయ్యగారికి ఉన్న స్నేహితుడు ఆయనొక్కడే.

పోయిన నెల పక్కింటివాళ్లు చెప్పారు, ఆ పొలం కోసం వేర్‌హౌస్ కట్టే కంపెనీలు రెండు తిరుగుతున్నాయట. ఆయన పిల్లలు వేరే రాష్ట్రాల్లో ఉన్నారు, వ్యవసాయం చెయ్యరు. ఇంకా ప్లానింగ్ బోర్డుకి ఏ దరఖాస్తూ రాలేదు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. టౌన్‌షిప్ (మా ఊరి స్థానిక ప్రభుత్వం) మీటింగ్‌కి మొదటిసారి వెళ్లాను. చివర్లో పౌరులు మాట్లాడే సమయం ఇస్తారు కదా, అప్పుడు లేచి అడిగాను. ఒకాయన "గ్రీన్ ఏకర్స్ గ్రాంట్ ఉందిగా" అన్నారు, ఖాళీ భూమి కొనడానికి ఊళ్లకి రాష్ట్రం ఇచ్చే డబ్బట. ఇంకొకాయన "దానికి మన వాటా మనం పెట్టాలి, డబ్బెక్కడుంది" అని తేల్చేశారు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఇంటికొచ్చి చదివితే గ్రీన్ ఏకర్స్ అనీ, ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్ అనీ, కౌంటీ ట్రస్ట్ ఫండ్ అనీ చాలా పేర్లు కనిపించాయి. నాకు అర్థం కానివి ఇవి. ఈ గ్రాంట్ మనలాంటి వాళ్లు అడగొచ్చా, లేక టౌన్‌షిప్పే అడగాలా? మొత్తం డబ్బు ఇస్తారా? మన ప్రాపర్టీ ట్యాక్స్ ఎంత పెరుగుతుంది? కొన్న తర్వాత పదేళ్లకి వేరే కౌన్సిల్ వచ్చి అమ్మేస్తే? మా వీధిలో మగపిల్లలూ ఆడపిల్లలూ కలిపి ఇరవై మంది క్రికెట్ ఆడేవాళ్లున్నారు. వాళ్లకి గ్రౌండ్ కోసం 40 నిమిషాలు డ్రైవ్ చేస్తున్నాం. అక్కడ ఒక పిచ్ వెయ్యనిస్తారా?

ఎవరైనా దగ్గరుండి ఇలాంటి పని చేసి ఉంటే దయచేసి రాయండి.

గోదారిగట్టు

మేం డాలస్ వైపు ఉంటాం, మీ రాష్ట్రం లెక్కలు తెలియవు. ఒక్క మాట మాత్రం చెప్పగలను. ఇక్కడ టెక్సస్‌లో స్థానిక పార్కులకు రాష్ట్రం ఇచ్చే గ్రాంట్‌కి సగం మన ఊరే పెట్టుకోవాలి. ఆ డబ్బు ఆటవస్తువుల మీద వచ్చే సేల్స్ ట్యాక్స్ నుంచి వస్తుంది. దాన్ని చాలా ఏళ్లు వేరే ఖర్చులకు వాడేసుకున్నారు. 2019లో రాజ్యాంగ సవరణకు ఓటర్లు ఒప్పుకున్నాకే అది పార్కులకీ చారిత్రక స్థలాలకీ కట్టుబడి ఉంది. 2023లో రాష్ట్ర పార్కులకు భూమి కొనడానికి వంద కోట్ల డాలర్ల నిధికి కూడా ఓటేశారు. బ్యాలెట్‌లో అధ్యక్షుడి పేరు చూసి ఆగిపోకుండా కింద ఉండే ప్రపోజిషన్లు కూడా చదివి ఓటెయ్యమని మావాళ్లందరికీ చెబుతుంటాను. మీ రాష్ట్రం గ్రాంట్ డబ్బు కూడా అలాంటి ఓటు నుంచే వచ్చి ఉంటుంది.

నల్లరేగడి

వేపచెట్టు గారూ, నేను మీ పక్క కౌంటీలోనే 24 ఏళ్లుగా ఉంటున్నాను. మా టౌన్‌షిప్ ఓపెన్ స్పేస్ కమిటీలో (ఖాళీ భూముల్ని కాపాడే పని చూస్తుంది) ఏడేళ్లు పనిచేశాను. జీతం లేదు, నెలకో సాయంత్రం మీటింగ్, అంతే. మా హయాంలో 41 ఎకరాల పాత ఆపిల్ తోట కొన్నాం. మొదటి ఉత్తరం రాసిన రోజు నుంచి రిజిస్ట్రేషన్ దాకా రెండేళ్ల ఏడు నెలలు పట్టింది. కాబట్టి నాకు తెలిసినది కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా, గ్రాంట్ గురించి ఆలోచించకముందే ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లండి. మా కమిటీ చేసిన పెద్ద పొరపాటు అదే. మ్యాపులు గీసుకున్నాం, ప్రెజెంటేషన్లు చేసుకున్నాం, ఆరు నెలలు గడిచాక యజమానికి ఫోన్ చేశాం. ఆవిడ "నా భూమి గురించి నాకు తప్ప ఊరందరికీ తెలుసన్నమాట" అన్నారు. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఇష్టపడి అమ్మేవాళ్లు లేకపోతే ఈ గ్రాంట్ల కథ మొదలే కాదు. మీ మావయ్యగారికి ఆయనతో ఉన్న స్నేహం మీకు ఏ కన్సల్టెంటూ సంపాదించి పెట్టలేనిది.

ఆయనకి అసలేం కావాలో తెలుసుకోండి. పొలం అమ్మి వెళ్లిపోవాలా, లేక అది పొలంగానే ఉండాలని ఉందా? రెండోదైతే దారి వేరు. న్యూజెర్సీలో ఫార్మ్‌ల్యాండ్ ప్రిజర్వేషన్ అని 1983 చట్టంతో వచ్చిన కార్యక్రమం ఉంది. అందులో రైతు భూమిని అమ్మడు, దాని మీద ఇళ్లూ వేర్‌హౌస్‌లూ కట్టే హక్కును మాత్రమే రాష్ట్రానికో కౌంటీకో అమ్ముతాడు. భూమి ఆయన పేరనే ఉంటుంది, తర్వాత ఇంకో రైతుకి అమ్ముకోవచ్చు, కానీ ఎవరు కొన్నా వ్యవసాయానికే వాడాలి. అయితే అది ప్రైవేటు పొలమే. మీ పిల్లలు ఆడుకోవడానికి వీలుండదు, నడకదారి కూడా ఉండకపోవచ్చు. గ్రీన్ ఏకర్స్ అయితే భూమి ప్రజలది అవుతుంది. ఈ తేడా తెలియక మా ఊళ్లో చాలామంది కాపాడిన పొలంలోకి కుక్కల్ని తీసుకెళ్లి రైతుతో గొడవ పెట్టుకున్నారు.

ఇక గ్రీన్ ఏకర్స్. 1961లో న్యూజెర్సీ ఓటర్లు 6 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు, అక్కడ మొదలైంది. తర్వాత ఎన్నోసార్లు బాండ్లకు ఓటేశారు. 2014లో రాజ్యాంగ సవరణ తెచ్చి కార్పొరేషన్ బిజినెస్ ట్యాక్స్‌లో ఒక వాటాను ఈ పనికి కట్టబెట్టారు. అంటే ఇప్పుడు ఆ డబ్బులో పెద్ద భాగం కంపెనీల పన్నుది. దరఖాస్తు టౌన్‌షిప్ చెయ్యాలి, లేదా కౌంటీ, లేదా అర్హత ఉన్న లాభాపేక్ష లేని ల్యాండ్ ట్రస్టు (భూముల్ని కాపాడే సంస్థ). మీరూ నేనూ చెయ్యలేం. మనం చెయ్యగలిగింది వాళ్లచేత చేయించడం.

మొత్తం ఇవ్వరు. ఓపెన్ స్పేస్ ట్యాక్స్, ఆమోదం పొందిన ఓపెన్ స్పేస్ ప్లాన్, ఈ రెండూ ఉన్న ఊరికి భూమి కొనుగోలులో సగం దాకా గ్రాంట్ వస్తుంది. అవి లేకపోతే గ్రాంట్ వాటా తగ్గి, తక్కువ వడ్డీ అప్పు వాటా పెరుగుతుంది. ఒక్కో రౌండ్‌లో ఒక ఊరికి ఇచ్చేదానికి పరిమితి కూడా ఉంటుంది. మిగతా సగంలో కొంత ఎక్కడిదంటే, కౌంటీది. న్యూజెర్సీలో 21 కౌంటీలకూ 21 కౌంటీలు ఓపెన్ స్పేస్ పన్ను వేసుకున్నాయి, అంతటా ఓటర్లు ఒప్పుకునే. మీ ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు తీసి చూడండి, కౌంటీ ఓపెన్ స్పేస్ అని ఒక గీత ఉంటుంది. ఇన్నేళ్లుగా కడుతున్నారు, అందులోంచి మీ ఊరికి రావలసినది అడగండి. మా తోటకి రాష్ట్రం సగం, కౌంటీ పాతిక శాతం పైన, మిగిలింది మా ఊరు పెట్టాయి. "డబ్బెక్కడుంది" అన్న ఆయన కౌంటీ సంగతి మీకు చెప్పలేదు.

ఊరి పన్ను ఎంతంటే, 100 డాలర్ల అసెస్డ్ విలువకి ఇన్ని సెంట్లు అని లెక్క. ఒక సెంటు వేశారనుకోండి, అసెస్డ్ విలువ 5 లక్షల డాలర్లున్న ఇంటికి ఏడాదికి 50 డాలర్లు. అసెస్డ్ విలువంటే మార్కెట్ ధర కాదు, పన్ను కోసం లెక్కగట్టి బిల్లు మీద వేసేది. కొత్తగా వెయ్యాలన్నా పెంచాలన్నా నవంబరు బ్యాలెట్‌లో పెట్టి ఓటు తీసుకోవాలి. మా ఊళ్లో ఆ ప్రశ్న గెలిపించడానికి తొమ్మిది మందిమి నాలుగు శనివారాలు తలుపులు తట్టాం.

ఇప్పుడు అందరూ చతికిలపడే చోటు చెబుతాను. ఊరు చేయించిన అప్రైజల్స్‌ని (భూమి విలువ అంచనాలు) రాష్ట్రం పరిశీలించి, భూమికి ఒక ధర ఖరారు చేస్తుంది. గ్రాంట్ ఆ ధర మీదే లెక్క కడతారు. యజమాని అంతకంటే ఎక్కువ అడిగితే ఆ తేడా మొత్తం ఊరే భరించాలి. వేర్‌హౌస్ కంపెనీ చేతిలో చెక్కు పట్టుకుని వచ్చినప్పుడు మనం "రెండేళ్లు ఆగండి, ధర కొంచెం తక్కువ" అంటాం. ఎవరైనా ఎందుకు ఆగాలి? అందుకే ల్యాండ్ ట్రస్టులు. ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్, న్యూజెర్సీ కన్జర్వేషన్ ఫౌండేషన్ లాంటి సంస్థల వాళ్లకి ఇలాంటి బేరాల్లో దశాబ్దాల అనుభవం ఉంది. యజమానితో ఒప్పందం రాసుకుని, గ్రాంట్లు వచ్చేదాకా భూమిని పట్టి ఉంచుతారు. యజమాని మార్కెట్ ధర కంటే తక్కువకి ఇస్తే ఆ తగ్గించిన మొత్తాన్ని దానంగా చూపించుకుని పన్ను మినహాయింపు అడగొచ్చు. ఈ మాట ఆయన అకౌంటెంట్ చెవిన పడాలి. మా తోట యజమాని చివరికి ఒప్పుకోవడానికి అది సగం కారణం. మిగతా సగం, ఆవిడ భర్త నాటిన చెట్లు ఒక వరస అలాగే ఉంచుతామని కాగితం మీద రాసి ఇచ్చాం.

ఆపిల్ తోట అన్నాను కదా, ఇంకో సంగతి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఈ రాష్ట్రంలో ఆపిల్ చెట్లకి సీసం, ఆర్సెనిక్ కలిసిన లెడ్ ఆర్సెనేట్ మందు కొట్టేవారు. అది మట్టిలోంచి పోదు. మా భూమిలో ఒక మూల ఆ రెండూ పరిమితి దాటి తేలాయి. ఆ మట్టి సంగతి తేల్చుకోవడానికే ఏడాది పోయింది. మీ పొలంలో ఇప్పుడు మొక్కజొన్న ఉన్నా, అంతకుముందు ఏముండేదో ఆ పెద్దాయన్నే అడగండి. పాత డీజిల్ ట్యాంకులు భూమిలో ఉన్నాయేమో కూడా అడగండి. చివరి నెలలో తెలిసేకంటే ముందే తెలియడం మేలు.

కేంద్రం నిధి, ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్, 1964 చట్టంతో వచ్చింది. సముద్రంలో చమురు, సహజవాయువు తవ్వుకునే కంపెనీలు ప్రభుత్వానికి కట్టే సొమ్ములోంచి ఏడాదికి 90 కోట్ల డాలర్ల దాకా భూమి కోసం, పార్కుల కోసం పెట్టాలని ఉద్దేశం. మనకి మంచి ఆలోచనే. కానీ చాలా ఏళ్లు కాంగ్రెస్ అంత ఇవ్వలేదు, సొమ్ము వేరే వైపు వెళ్లింది. 2018 సెప్టెంబరు 30న ఆ చట్టం గడువే తీరిపోయింది. 2019 మార్చిలో శాశ్వతం చేశారు, 2020 ఆగస్టులో గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్స్ యాక్ట్‌తో ఏటా పూర్తి మొత్తం ఇవ్వాలని తేల్చారు. మన రాష్ట్రంలో దాన్ని నడిపేది కూడా గ్రీన్ ఏకర్స్ ఆఫీసే. దాని పద్ధతి, సగం మనది, సగం వాళ్లది, అదీ ముందు మనం ఖర్చు పెట్టి తర్వాత తెచ్చుకోవాలి. అనుమతి రాకముందే కొనేస్తే ఆ ఖర్చు ఇవ్వరు, ముందుగా ప్రత్యేక మినహాయింపు రాయించుకుంటే తప్ప. తొందరపడి కొని గ్రాంట్ పోగొట్టుకున్న ఊళ్లున్నాయి.

మీ నాలుగో ప్రశ్నే నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, పదేళ్లకి అమ్మేస్తే అని. ఇక్కడ నా మనసులో మాట చెబుతాను. మాదీ పాత గుంటూరు జిల్లానే. మా ఊళ్లో మేం ఆడుకున్న మందబయలు ఇప్పుడు లేదు. లేఅవుట్లలో పదిశాతం ఖాళీ స్థలం వదిలి పంచాయతీకో మునిసిపాలిటీకో రాసివ్వాలని మనకీ నిబంధన ఉంది. మా అక్కయ్యవాళ్ల కాలనీలో అలా వదిలిన స్థలంలో ముందు ఒక షెడ్డు లేచింది, తర్వాత గోడ, తర్వాత ఇంకెవరో. కాగితం ఉంది, కాపలా లేదు. అందుకే నేను ఇక్కడ ఈ చట్టాన్ని అంత శ్రద్ధగా చదివాను.

గ్రీన్ ఏకర్స్ డబ్బు ఒక్క డాలరు తీసుకున్నా, ఊరు తన పార్కులూ ఖాళీ భూములూ అన్నీ ఒక పట్టికలో రాసి రిజిస్టర్ చెయ్యాలి. ఆ పట్టికని రోసీ అంటారు. కొత్తగా కొన్న భూమి ఒక్కటే కాదు, పాత పార్కులకి కూడా తాళం పడుతుంది. వాటిని వేరే పనికి వాడాలంటే పబ్లిక్ హియరింగ్ పెట్టాలి, బదులుగా భూమి చూపించాలి, పర్యావరణ శాఖ కమిషనర్ ఒప్పుకోవాలి, ఆపైన స్టేట్ హౌస్ కమిషన్ అనే రాష్ట్ర సంఘం ఒప్పుకోవాలి. కేంద్రం నిధి పడితే ఇంకా గట్టి. చట్టంలో 6ఎఫ్ అనే భాగం ఉంది. ఆ హద్దులోపల ఉన్నదంతా ఎప్పటికీ ప్రజలు ఆరుబయట ఆడుకోవడానికే. మార్చాలంటే కనీసం అంతే విలువా అంతే ఉపయోగమూ ఉన్న భూమి బదులివ్వాలి, కేంద్రం సంతకం కావాలి. మా ఊళ్లో ఒక పాత పార్కు మూల ఫైర్ స్టేషన్ కడదామనుకున్నారు. అవసరం నిజమే. ఈ పట్టిక చూసుకుని వేరే చోట కట్టారు. కాబట్టి కౌన్సిల్ మారినా అంత సులువుగా పోదు. కానీ ఆ తాళం రెండు వైపులా పడుతుందని గుర్తుపెట్టుకోండి. రేపు మీ ఊరికి అక్కడ లైబ్రరీయో స్కూలో కావాలనిపించినా కుదరదు. ఏ మూల ఏం కావాలో హద్దు గీసే ముందే అనుకోవాలి.

క్రికెట్ సంగతికి వస్తే, తప్పకుండా కుదురుతుంది, ఆరుబయట ఆటే కదా. ఇండోర్ నెట్స్ కోసం షెడ్డు కడతామంటే మాత్రం ముందే అడిగి తెలుసుకోండి. పెద్దవాళ్ల గ్రౌండ్‌కే 3 ఎకరాలు పైన కావాలి, పార్కింగ్‌తో ఇంకా ఎక్కువ. భూమి కొనే గ్రాంట్ వేరు, దాని మీద గ్రౌండ్, దారి, బెంచీలు వేసే గ్రాంట్ వేరు. ముఖ్యంగా మీ టౌన్‌షిప్ ఓపెన్ స్పేస్ అండ్ రిక్రియేషన్ ప్లాన్ తెరిచి క్రికెట్ అన్న మాట ఉందేమో వెతకండి. మా ప్లాన్‌లో బేస్‌బాల్ ఉంది, సాకర్ ఉంది, పికిల్‌బాల్ కూడా చేరింది, క్రికెట్ లేదు. ఎందుకంటే అడిగినవాళ్లు లేరు. సంక్రాంతికి హైస్కూల్ ఆడిటోరియం నింపే మనవాళ్లు పార్కుల హియరింగ్‌కి ఇద్దరొచ్చారు, ఆ ఇద్దరూ నేనూ నా భార్యా. తర్వాతి ఏడాది పదకొండు కుటుంబాలు వచ్చాయి. ప్లాన్‌లో ఆ మాట చేరింది.

పాలపిట్ట

ఒక మాట అడుగుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. నేను స్కూల్లో టీచర్లకి సాయం చేసే ఎయిడ్‌గా పనిచేస్తాను. నేను పనిచేసే ఊళ్లో నాకు అద్దె కట్టే స్తోమత లేదు, గంట దూరం నుంచి వస్తాను. అక్కడ ఏ అపార్ట్‌మెంట్ మాట వచ్చినా ఓపెన్ స్పేస్ కాపాడాలంటూ బోర్డులు లేస్తాయి. సొంత ఇళ్లున్నవాళ్లు కిటికీలోంచి పచ్చదనం చూసుకోవడానికి ప్రజల డబ్బుతో భూమి కొనడం, మాలాంటివాళ్లకి ఇల్లు లేకుండా చెయ్యడం, ఇది న్యాయమేనా?

నల్లరేగడి

పాలపిట్ట గారూ, నొచ్చుకోవడానికి ఏం లేదు, మీరు చెప్పింది జరుగుతోంది. మౌంట్ లారెల్ తీర్పు 1975లో వచ్చింది. అభివృద్ధి చెందుతున్న ప్రతి టౌన్‌షిప్ తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఇళ్లు కట్టుకునే వీలు ఇవ్వాలని ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి దాన్ని తప్పించుకోవడానికి ఓపెన్ స్పేస్ మాట వాడుకున్న ఊళ్లు ఉన్నాయి. మా కమిటీలో కూడా అపార్ట్‌మెంట్లు రాకుండా ఫలానా భూమి కొనేద్దామని ఒకరు ప్రతిపాదించారు. నేను వ్యతిరేకంగా ఓటేశాను, ఆ రోజు నలుగురితో మాట పడ్డాను కూడా.

వేపచెట్టు గారూ, మీ టౌన్‌షిప్ హౌసింగ్ ప్లాన్‌లో ఆ 62 ఎకరాలు ఇళ్ల కోసం చూపించారేమో ముందు చూడండి. చూపించి ఉంటే మీ ప్రయత్నం అక్కడితో ఆపి, వేరే భూమి గురించి ఆలోచించండి. లేకపోతే ధైర్యంగా ముందుకి వెళ్లండి. వేర్‌హౌస్‌కీ పొలానికీ మధ్య ఎంచుకోవడం వేరు, పొలానికీ ఇళ్లకీ మధ్య ఎంచుకోవడం వేరు.

రారిటన్ ఒడ్డు

నాది చిన్న అనుభవం. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను వర్షానికి మా అద్దె ఇంట్లోకి ఛాతీ లోతు నీళ్లొచ్చాయి. మా ఓనర్ తర్వాత బ్లూ ఏకర్స్ కింద ఆ ఇల్లు రాష్ట్రానికి అమ్మేశాడు. గ్రీన్ ఏకర్స్‌కి తోబుట్టువు లాంటిది, 1995 నుంచి ఉంది. వరద వచ్చే చోట ఇళ్లు కొని, పడగొట్టి, నేలని ఖాళీగా వదిలేస్తారు. ఇప్పుడు అక్కడ గడ్డి, పిట్టలు. మేం ఉన్న చోట వంటిల్లు ఎక్కడుండేదో నేను గుర్తుపట్టగలను.

వేపచెట్టు గారూ, మీ పొలం వెనక వాగు ఉందా? ఉంటే అది దరఖాస్తులో గట్టిగా రాయించండి. 62 ఎకరాల మట్టి తాగే నీళ్లు, 62 ఎకరాల కప్పూ కాంక్రీటూ తాగవు. ఆ నీళ్లు కింద ఎవరింట్లోకో వెళ్తాయి.

వేపచెట్టు

అందరికీ చేతులెత్తి నమస్కారం. నల్లరేగడి గారూ, మీరు రాసింది ప్రింట్ తీసి మావయ్యగారికి చదివి వినిపించాను. "ముందు ఆ పెద్దాయన్ని అడగండి" అన్న చోట ఆయన లేచి చెప్పులేసుకున్నారు.

ముందుగా హౌసింగ్ ప్లాన్ చూశాను. ఈ పొలం అందులో లేదు. పాలపిట్ట గారూ, మీరు అడగకపోతే నాకు ఆ ఆలోచనే వచ్చేది కాదు. మా టౌన్‌షిప్ ఇళ్ల కోసం చూపించిన రెండు చోట్లు ఎక్కడున్నాయో కూడా చూసుకున్నాను. వాటి హియరింగ్ వచ్చినప్పుడు వెళ్లి సమర్థిస్తూ మాట్లాడతాను. పొలానికి మాట్లాడి దానికి ఊరుకుంటే నాకే బాగుండదు.

నిన్న సాయంత్రం ముగ్గురం, నేనూ మా ఆయనా మావయ్యగారూ, ఆ రైతు ఇంటికి వెళ్లాం. వంటింటి బల్ల మీద రెండు కంపెనీల ఆఫర్ కాగితాలు మడతలు విప్పకుండా ఉన్నాయి. ఎవరూ మీ దగ్గరికి రాలేదా, టౌన్‌షిప్ నుంచి, అని అడిగాను. ఎవరూ రాలేదన్నాడు. నలభై ఏళ్ల కిందట వాళ్ల నాన్న ఉన్నప్పుడు ఒకసారి వచ్చారట, అప్పుడు వీళ్లు వద్దన్నారట. డెవలప్‌మెంట్ హక్కులు మాత్రమే అమ్మే పద్ధతి ఉందని చెబితే తెలుసు అన్నాడు, కానీ ఇప్పుడు దున్నేవాళ్లు ఎవరూ లేరు, నేను పోయాక పిల్లలు ఆ భూమితో ఏం చేస్తారు అన్నాడు. ఎవరైనా అందులో నడిస్తే బాగుంటుంది అన్నాడు. అక్కడ నడిచేది ఒక్కరే అని మావయ్యగారి వైపు చూపించాడు.

తోటలు ఏమైనా ఉండేవా అంటే, ఉత్తరం వైపు ఎనిమిదెకరాల్లో 1950ల దాకా పీచ్ చెట్లు ఉండేవట. రాసుకున్నాను. వెనక వాగు కూడా ఉంది, దాన్నీ రాసుకున్నాను. ఒక ల్యాండ్ ట్రస్టు వాళ్లకి ఈ ఉదయం ఫోన్ చేశాను, వచ్చే వారం వచ్చి ఆయన్ని కలుస్తామన్నారు. ఆయన ఆఫర్ల మీద సంతకం పెట్టకుండా థాంక్స్‌గివింగ్ దాకా ఆగుతానన్నాడు. అంతకంటే ఎక్కువ అడగడానికి నాకు నోరు రాలేదు.

టౌన్‌షిప్ ఓపెన్ స్పేస్ కమిటీలో ఒక ఖాళీ ఉందని క్లర్క్ చెప్పారు, దరఖాస్తు పెట్టాను. వచ్చే నెల రెండో మంగళవారం మీటింగ్. దగ్గర్లో ఉన్నవాళ్లు ఎవరైనా రాగలిగితే ఏడున్నరకల్లా రండి. మావయ్యగారు కూడా మాట్లాడతానంటున్నారు, తెలుగులోనే. నేను పక్కన నిలబడి ఇంగ్లిష్‌లో చెబుతాను. ఆయనకి మూడు నిమిషాలు ఇస్తారు, ఇద్దరికీ కలిపి ఆరు ఇవ్వమని అడగడానికి రేపు క్లర్క్‌కి మళ్లీ ఫోన్ చెయ్యాలి.